పోయినేడాది చేపపిల్లలు

అలియాబాద్

మా బిడ్డ భవితకు నాయిన దీవించి రాసేది. మీ అమ్మ, నేను, తెప్ప, వలలు అన్నీ క్షేమం. పుణెలో నువ్వు వేళకు తింటే మాకు అదే చాలు. ఫోన్‌లో చెప్పలేని మాట ఒకటుంది, అందుకే కాగితం పట్టాను. రాత చూసి నవ్వకు.

నువ్వు అడిగినవాటికి జవాబు. అమ్మ మోకాలు తగ్గింది. చెరువు నిండుగా ఉంది. పక్కింటి మహేందర్ లగ్గం ఇంకా కుదరలేదు, వాడి నోరే వాడికి శత్రువు.

ఇగ నువ్వు చేసి నా ఫోన్‌లో పెట్టిన వార్తల పేజీ సంగతి. నాలుగు చోట్ల నుంచి వార్తలు తెచ్చి ఒకే అచ్చులో పోసి చూపిస్తుందన్నావు. ఇటుక బట్టీలో చేసినవాణ్ణి, నాకు తెలియదా? మట్టి ఎక్కడిదైనా అచ్చు ఒకటే. రోజూ మన చేపలోళ్ల సంఘంలో నిలబడి అందరికీ చదివేవాణ్ణి. నేను అడిగితే చేపల వార్తల చోటు ఒకటి కొత్తగా కలిపావు. మర్నాడే దాని పాత వార్తలన్నీ కొత్తవాటిలా పైకొచ్చాయి. "శామీర్‌పేట చెరువులో రేపు చేపపిల్లల విడుదల" అని గట్టిగా చదివాను. తెల్లారి నలభై మంది వేట మానుకొని గట్టున కూర్చున్నారు. ఎండ నెత్తికెక్కినా చేపపిల్లల బండి రాలేదు. అది పోయినేడాది వార్త.

సిద్దయ్య ఊరుకుంటాడా? "ఏందే భిక్షం, చేపపిల్లలు నీ బిడ్డ ఫోన్లనే ఈదుతున్నయా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"నన్నంటవేందే? పోరి చేసిందే తప్పు" అన్నాను.

తర్వాత నువ్వు ఫోన్ చేసి, "కింద తేదీ కనవడలేదా నాయినా?" అంటే లేదన్నాను. తప్పు నీదే అనుకొని, ఆదివారం పేజీ తీసేస్తానని రాశావు.

తీసేయకు బిడ్డా. తేదీ ఉంది. నేనే చదవలేదు. పైన పెద్ద అక్షరాలు చూడగానే అందుతాయి. కింది సన్నవి కూడబలుక్కోవాలి. పదిమంది ముందు కూడబలుక్కోవడానికి నాకు సిగ్గు. రోజూ దాటేసేవాణ్ణి.

నిన్న సంఘంలో లేచి ఇదే చెప్పాను. ఎవరూ నవ్వలేదు. సిద్దయ్య తన కళ్లద్దాలు తీసిచ్చి, "ఇగ చదువు, జల్దేం లేదు" అన్నాడు. ఒక్క తేదీకి బీడీ కాలినంత సేపు పట్టింది. ఒక్కడూ లేచిపోలేదు. ఇవాళ కూడా నాతోనే చదివించారు.

తేదీని వార్త పైకి ఎక్కించు. ఒక్కచోట మారిస్తే అన్నిటికీ మారుతుందన్నావు కదా. అక్షరాలు మాత్రం పెద్దవి చేయకు. సన్నగానే ఉంచు, నేర్చుకుంటున్నాను.

ఇట్లు,
నలుగురిలో నీ మీద తప్పు వేసి, ఆ నలుగురిలోనే వెనక్కి తీసుకున్న
మీ నాయిన
భిక్షం