కోరుట్ల తొవ్వల ఆగిన కారు

అక్కా,

ఇయ్యాల నీ తాబేలు కారు అమ్మిన. నువ్వు కాలం జేసినంక నడిపేటోళ్లు లేక షెడ్డుల మూలకు పడ్డది. నీ బిడ్డ స్రవంతిని ఒక్క మాటన్న అడగలే.

కొనేటాయనను ఎక్కించుకొని జగిత్యాల నుంచి కోరుట్ల దిక్కు పోతుంటే, నడిమిట్ల ఒక్కసారే దమ్ము తగ్గింది. ఎంత తొక్కినా గుంజుతలేదు.

"నీళ్లు లేకుండ గాలితోనే చల్లబడే పాత ఇంజన్. గరమై ఖరాబైనట్టుంది, నాకద్దు," అన్నడాయన.

ఇంజన్ ఉండే వెనుక మూత లేపిన. ఫ్యాన్ బెల్టు మంచిగనే ఉన్నది. నువ్వు నేర్పినట్టే, ఇంజన్ నడుస్తుండంగనే ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటి పీకి మల్ల పెట్టిన. మూడోది పీకితే సప్పుడు మారలే. గా సిలిండరే పనిచేస్తలేదన్నట్టు. ఇంజన్ బంద్ చేసి, వైరు క్యాప్‌ల తుప్పు గీకి గట్టిగ ఒత్తిన. కారు మల్ల ఉరికింది, ఆయన ఖుషీగ తీస్కపోయిండు. నేను బాగు చెయ్యక ఊకె నిలబడితే, బేరం తప్పి అది ఇంటికే అచ్చేది.

పొద్దూకి స్రవంతి కాలేజి నుంచి అచ్చింది.

"మామా, అమ్మ కారేది?"

"కోరుట్ల తొవ్వల ఆగిపోయింది బిడ్డా," అన్న. నోట్లకు గదే అచ్చింది.

బ్యాగు పడేసి పానల డబ్బ తెచ్చుకున్నది. "ఏడాగిందో సూపెట్టు మామా, బాగు చేసి తెచ్చుకుందాం."

నేను లోపల కూసోని నీకు గిది రాస్తున్న. పిల్ల ఇంకా వాకిట్లనే నిలబడి ఉన్నది.