తువ్వాలలో దిగిన బ్లేడు పన్ను

వనపర్తి, గురువారం. మార్చి 2009.

నేలకు వేసే కొత్త బండలు దర్వాజల కిందికి దూరాలంటే రెండు గదుల దర్వాజ చెక్కలనూ అడుగున కోయాలి. అన్న హైదరాబాద్ నుంచి పంపిన మిషన్‌లో బ్లేడు గిర్రున తిరగదు, అటూ ఇటూ వణుకుతూ కోస్తుంది. పెట్టెలో రెండు బ్లేడ్లున్నాయి. వెడల్పుది చెక్కకు మాత్రమే, మహా వేగం. సన్నది మేకు తగిలినా కోస్తుంది కానీ నత్తనడక. డిగ్రీ చదివిన మేధావిని కనుక వెడల్పుదే బిగించాను.

“గా వెడల్పు బ్లేడు వద్దు ఇంజనీర్ సాబ్. పాత దర్వాజ, లోపల ఏముందో తెల్వదు,” అన్నాడు కార్పెంటర్ ఖాజా మామ.

“నువ్వు జర కూసొని నేర్చుకో మామా,” అన్నాను.

నాయన టార్చి పట్టుకుని పక్కనే గొంతుక్కూర్చున్నాడు. సగం కోశాక మిషన్ కీచుమని ఆగింది. అవ్వ ఎప్పుడో దిష్టికని కొట్టించిన మేకు, ఏళ్ల తరబడి పూసిన పసుపు కింద దాగి ఉంది. బ్లేడు పన్ను ఒకటి విరిగింది. వెతికితే, నాయన తలకు చుట్టిన తువ్వాలలో దిగి ఉంది. కంటికి రెండు వేళ్ల పైన.

“ఏంది, గట్ల చూస్తున్నవ్?”

“దుమ్ము, నాయనా,” అని పీకేశాను.

ఖాజా మామ చూశాడు. మేకు పీకి, మిగతా సగం తన చేతిరంపంతో తనే కోశాడు.



రేపు రెండో దర్వాజ. సన్న బ్లేడు బిగించి పెట్టాను. నాయనను దూరంగా ఉండమంటే, ఎందుకో చెప్పాలి. ఇందాక అన్నం తింటూ ఆయనే అన్నాడు:

“ఇయ్యాల నీకు వెలుతురు సాలలేదురా. రేపు ఇంకా దగ్గర పట్టుకుంట.”