తుడిచేసిన బోర్డు

పంజాగుట్ట,
అక్టోబరు 2001

అక్కా, ఇక్కడ అందరం క్షేమం. సాఫ్ట్‌వేర్ కంపెనీలు మూతపడుతున్నాయని పేపర్లో చదివి కంగారుపడకు. ఉద్యోగం పోయింది మా పక్కవాటా మంజూషకి, మీ మరిదిగారికి కాదు.

నిన్న ఆ పిల్లే నన్ను సినిమాకి లాక్కెళ్లింది. అందులో లెక్కల పంతులమ్మ ఏళ్లతరబడి చేసిన రుజువులో తప్పు తనే పట్టుకుని, బోర్డంతా తుడిచేసి నవ్వుతూ మళ్లీ మొదలుపెడుతుంది. నాకు కళ్లు చెమర్చాయి.

"నేనూ అంతే ఆంటీ, రేపు అమీర్‌పేటలో కొత్త కోర్సులో చేరుతున్నా. మరి మీరు మానేద్దామనుకున్న లెక్కల ఎమ్మెస్సీ?" అంది మంజూష.

"ఈ వయసులో పరీక్ష తప్పితే నలుగురూ నవ్వరూ?" అన్నాను.

"ముందు నేనే నవ్వుతా. తర్వాత ఇద్దరం కూర్చుని మళ్లీ చదువుదాం" అంది.

ఎంత గుండె ధైర్యమే ఆ పిల్లది! పొద్దున్నే వెళ్లి పరీక్ష ఫీజు కట్టేశాను.

అటకమీద నా కాలిక్యులస్ పుస్తకం ఉంటుంది, బావగారితో పంపు. అమ్మ మోకాలినొప్పి తగ్గిందా? పిల్లలకి నా దీవెనలు. పాసవుతానన్న నమ్మకం ఇప్పటికీ లేదు. తప్పితే ముందు నీకే రాస్తాను, మంజూషతోపాటు నువ్వూ నవ్వుదువుగాని.

నీ చెల్లెలు
విశాలాక్షి