అత్తమ్మ డే కేర్‌కు వెళ్లిన రోజు

అక్కా,

నేను పక్కన లేకపోతే అత్తమ్మ ఒక్క పూటైనా ఉండగలదా? పదకొండేళ్లుగా నాకిదే ఫికరు. వికారాబాద్ కాలేజీ వాళ్లు పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. అందుకే సోమవారం ఆమెను తాండూరులో మున్సిపాలిటీ కొత్తగా తెరిచిన వృద్ధుల డే కేర్‌లో దింపాను. ఉండబట్టలేక రెండు గంటలకే పరుగెత్తాను. చూస్తే అష్టాచెమ్మ ఆడుతోంది!

"గింత జల్దీ ఎందుకొచ్చినవే? నా కాయ పండనియ్యి, పో!" అని తరిమేసింది.

బజారులో ఒక్కదాన్నే నిలబడి నవ్వుకుంటూ నాలుగు మిర్చీ బజ్జీలు తిన్నాను. ఆటోవాడు "ఏడికి పోవాలె అక్కా?" అంటే, "ఏడికైనా పోనియ్ అన్నా!" అన్నాను.

శుక్రవారంలోగా కాలేజీకి జవాబివ్వాలి. ఇప్పుడు అత్తమ్మను సాకుగా చూపలేను. ఉద్యోగంలో చేరాలో, కొన్నాళ్లు ఇట్లా ఏ పనీ లేకుండా తిరగాలో, నిజంగా తేల్చుకోలేకపోతున్నాను.

నీ చెల్లి