మా రేవు నీళ్ళు మా రేవులోనే పట్టాలని

నదీజలాల పరీక్షల శాఖ ముఖ్య అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా రేవు నీటిలోని ఉప్పు గురించి తమ శాఖ ఇచ్చిన నివేదికను రద్దుచేసి, తిరిగి పరీక్ష జరిపించి, అంతవరకు మంచినీళ్ళ ట్యాంకరును పునరుద్ధరించుట గురించి.

నేను నదికి దిగువన, చిట్టచివరి రేవులో పడవ నడుపుకునేవాడిని. ఈ క్రింది సంగతులు తమ దృష్టికి తెస్తున్నాను.

1. ఈ నదిని పైనుంచి మా దాకా అందరూ వాడుకుంటారు. రెండు పట్టణాలు తాగుతాయి. అద్దకం మిల్లులు బట్ట కడుగుతాయి. తోటలవాళ్ళు మోటార్లు పెట్టి తోడతారు. మిగిలింది మా వంతు. వేసవిలో ఆ మిగిలినదానికి సముద్రాన్ని ఆపే బలం ఉండదు. పోటు వచ్చినప్పుడల్లా ఉప్పునీరు మా రేవు దాటి పైకి ఎక్కుతుంది. సబ్బు నురగ రాదు. చిక్కుడు గింజ ఉడకదు. పశువులు మూతి పెట్టి వెనక్కి తీసుకుంటాయి.

2. ఆ కారణంగా తమ శాఖ ట్యాంకరు పంపేది. అందుకు ఊరంతా కృతజ్ఞులం. పోయిన నెలలో తమ ఉద్యోగి ఒకరు నీటి నమూనా కోసం వచ్చారు. అప్పుడు పోటు తగ్గి, నది వెనక్కి తీసి ఉంది. రేవులో మోకాలి లోతు బురద. ఆయన తన బూట్ల వంక చూసుకుని, ఒడ్డున వల ఆరేస్తున్న మా అమ్మకు సీసా ఇచ్చి, "పెద్దమ్మా, ఇది కాస్త నింపి పెట్టు, పెద్దాఫీసుకు పంపాలి" అన్నారు.

3. మా అమ్మ ఆ సీసా పట్టుకుని ఇంటికి వచ్చింది. నా భార్య కోసం మూతపెట్టి ఉంచిన ట్యాంకరు నీళ్ళను గుడ్డలో రెండుసార్లు వడగట్టి, సీసా నింపి ఇచ్చింది. ఆయన చీటీ అంటించుకుని వెళ్ళిపోయారు.

సంగతి తెలిశాక నిలదీశాను.

"పెద్దాఫీసుకి అన్నాడురా. ఇంట్లో మంచినీళ్ళు పెట్టుకుని ఆ ఉప్పు కషాయం ఎలా పంపను? మన గురించి ఏమనుకుంటారు?"

"మన నీళ్ళు ఎంత పాడుగా ఉన్నాయో చూడ్డానికే కదమ్మా ఆయన వచ్చింది!"

"పాడని నోటితో చెప్తే చాలదూ? సీసాలో పోసి చూపించాలా?"

4. కావున, తమ శాఖ పంపిన నీటినే తమ శాఖ పరీక్షించి ఉత్తమమైనదని ధ్రువీకరించినది. అది నిజమే, అందులో మాకు తగాదా లేదు. అయితే ఆ ధ్రువీకరణను బట్టి ట్యాంకరు నిలిపివేయబడినది.

5. విన్నవించుకుందామని తమ కార్యాలయానికి వెళ్ళాను. "నీళ్ళు బాగున్నాయంటే ఏడ్చేవాళ్ళని ఇప్పుడే చూస్తున్నా. మా ఇంటి కుళాయి నీళ్ళు కూడా ఇంత బాగుండవయ్యా" అన్నారు గుమాస్తా గారు. జరిగింది చెప్పాను. ఆయన నవ్వు ఆపి, "నమూనా మార్చామని రాసిస్తే మీ అమ్మ మీద కేసవుతుంది. నోరు మూసుకుని ఇంటికి పో" అన్నారు. నా మంచికే చెప్పారని అనుకుని, కొన్నాళ్ళు అలాగే నోరు మూసుకున్నాను.

6. నా భార్యకు ఏడో నెల. కాళ్ళు, మొహం వాచాయి. రక్తపోటు తగ్గడం లేదు. ఇదివరకు ఒక కాన్పు ఇలాగే మొదలై బిడ్డ దక్కలేదు. నర్సమ్మ గారు ఉప్పు పూర్తిగా మానేయమన్నారు. కూరలో మానేశాం. నీళ్ళలో ఎలా మానాలో అడిగితే ఆవిడ, "ఎక్కడినుంచైనా తెచ్చుకో నాయనా" అన్నారు. అవతలి ఒడ్డు బావినుంచి పడవలో తెస్తూ వచ్చాను. ఈ వారం ఆ బావి కూడా ఉప్పు తిరిగింది.

7. కనుక ఈసారి నమూనాను తమ ఉద్యోగి స్వయంగా, నది నడుమ, పోటు మీద తీసుకునేటట్లు ఆజ్ఞాపించవలెను. పడవ నాది ఉంది, బూట్లు తడవనివ్వను. ఆ తర్వాత ఎవరి చేతికీ సీసా ఇచ్చే అవసరం లేకుండా, రేవు గుంజకు ఉప్పు కొలిచే మీటరు బిగించవలెను. అంతవరకు ట్యాంకరు పంపవలెను. మా అమ్మ చేసింది తప్పే. కేసు పెట్టదలిస్తే పెట్టండి, కానీ ట్యాంకరు ముందు పంపండి. ఈ మాట ఆమెకు చదివి వినిపించాను. "అలాగే రాయి" అంది. ప్రక్కనున్న వేలిముద్ర ఆమెది.

ఇది చిత్తగించి, కాన్పుకు ముందే జవాబు దయచేయవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
చివరి రేవు పడవవాడు

తా.క.: అయ్యా, కవరు అంటించబోతుంటే నా భార్య ఒక మాట చేర్చమంది. కాన్పయ్యేదాకా పంపితే చాలట, తర్వాత ఎప్పటిలా ఈ నీళ్ళే తాగుతుందట. అలా రాస్తే తమరు తొందరగా ఒప్పుకుంటారని ఆమె ఆశ. పుట్టిన బిడ్డ ఏ నీళ్ళు తాగాలో ఆమెకు తోచలేదు. నేను గుర్తు చేయలేదు. తమకు చెబుతున్నాను.