శోకానికి దరువు

కర్నూలు,
15 జులై 2009

వంశీ బావకు,

ఈ ఉత్తరం ఈరోజే రాయాలి. ఆషాఢం పోగానే, ఆగస్టు రెండో తేదీ ఆదివారం, మీ నాయన, మా సుబ్బయ్య మామ, మనిద్దరికీ తాంబూలాలు మార్చుకోవడానికి మా ఊరికి వస్తున్నాడు. ఆ లోపల నీకొక మాట చెప్పాలి. హాస్టల్ వరండాలోని కాయిన్ బాక్సులో మాట్లాడితే అరుస్తాను, లేదంటే ఏడుస్తాను. వెనక నిలబడిన వాళ్ళు వింటారు. అందుకని రాస్తున్నాను. నువ్వు బాగున్నావా అని అడగడానికి మాత్రం ఈసారి నాకు చేయి రావడం లేదు.

నిన్న సాయంత్రం సంగతి ఇది. నా గదిలో శ్రీవాసవి అనే అమ్మాయి ఉంది. బనగానపల్లెలో వాళ్ళకు బట్టల అంగడి. కడపలో వాళ్ళ చిన్నాయన ఇంటికి పోయి వస్తూ, ఫోన్లో ఎవరో పంపిన కొత్త ర్యాప్ పాట ఎక్కించుకొచ్చింది. మన సీమ మాటల్లో ర్యాప్ వచ్చిందని గదిగదికీ తిరిగి చెప్పి అందరినీ పోగుచేసింది. పెట్టకముందే వాదన మొదలైంది. సంగీతం నేర్చుకునే పద్మప్రియ, రాగం తెలియనివాళ్ళు కనిపెట్టుకున్న పాట అది అని మూతి విరిచింది. శ్రీవాసవికి కోపం వచ్చింది.

"అంగట్లో బేరానికి వచ్చినోళ్ళకు ఎదురు చెప్పగూడదు, ఇంట్లో మా నాయనకు ఎదురు చెప్పగూడదు. వీళ్ళు జూడు, పేరు పెట్టి మొగం మీదనే అడుగుతారు. అది వింటాంటే నా కడుపులో ఉండేది ఎవురో తీసి చెప్పినట్ల ఉంటాది" అంది.

నన్ను అడిగితే నేనూ గిట్టదనే అన్నాను. కారణం నీకు ఇదివరకే చెప్పాను. నాకు పాటంటే కలుపు తీసేటప్పుడు ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకునేది. ఒక్కడే నిలబడి నేను, నేను, నేను అనుకోవడం నాకు ఎబ్బెట్టుగా ఉంటుంది. ఎవరో ఎవరితోనో తగాదా పడుతుంటే దారినపోయే మనల్ని పట్టి నిలబెట్టినట్టు ఉంటుంది. నువ్వు ఒకసారి, "అది పాట కాదు సుప్రజా, నిలదీసేది" అన్నావు. నిలదీయడానికి చప్పుడెందుకు అని నేను నవ్వాను.

శ్రీవాసవి పాట పెట్టింది. మొదట దరువు. నేను దాన్ని పట్టించుకోకుండా తల దువ్వుకుంటున్నాను. తర్వాత మా అమ్మ ఏడుపు వినబడింది. బావా, నేను లేచి తలుపు దగ్గరికి పరుగెత్తాను. ఇంట్లో ఎవరో పోయారు, నన్ను తీసుకుపోవడానికి అమ్మ వచ్చి వరండాలో ఏడుస్తోంది అనుకున్నాను. నాయన పేరు నోటిదాకా వచ్చింది. వరండాలో ఎవరూ లేరు. వెనక్కి తిరిగి చూస్తే ఆ గొంతు శ్రీవాసవి చేతిలోని ఫోన్లోంచి వస్తోంది.

*కొట్టంలో కుక్కిమంచం ఏస్తివే సుబ్బన్నా*
*కూతురు పిలిస్తే పంపకపోతివే సుబ్బన్నా*
*నీ పరువు నిలబెట్టి పాయ నా తల్లి సుబ్బన్నా*

ప్రతి 'సుబ్బన్నా' దగ్గరా దరువు దభీమని పడుతోంది. చివరి మాటను మూడుసార్లు, నాలుగుసార్లు తిప్పితిప్పి వేశారు. రెండో తడవకు గదిలోని పిల్లలందరికీ అది నోటికొచ్చింది. చప్పట్లు కొడుతూ సుబ్బన్నా, సుబ్బన్నా అని ఎగురుతున్నారు. రాగం లేదన్న పద్మప్రియ కూడా కాలితో తాళం వేస్తోంది. నేను బయటికి వచ్చేశాను. మిగిలింది వినలేదు. రాత్రి భోజనాల దగ్గర మా వంటాయన సోమన్నను పట్టుకొని "సుబ్బన్నా, చారు పొయ్యి" అని పిలిచారు. పాపం, ఆయనకేమీ అర్థం కాక నవ్వుతూ పోశాడు. ఆ గొంతు మా అమ్మదని ఎవరికీ చెప్పలేదు. ఎట్లా చెబుతాను?

అది మన సుబ్బలక్ష్మమ్మ అవ్వ శవం మీద పడి అమ్మ పెట్టిన శోకం. అవ్వ నా తల్లికి తల్లి, మీ నాయనకు తల్లి, నీకూ అవ్వే. కళ్ళు కనబడకపోయినాక మామ ఆమెను ఎద్దుల కొట్టంలో పండుకోబెట్టాడు. నేను తీసుకుపోతాను పంపన్నా అని అమ్మ ఎన్నిసార్లు అడిగినా, కొడుకు ఉండగా తల్లి కూతురింట కూడు తింటే ఊళ్ళో నాకు నామర్దా అన్నాడు. అమ్మ ఆ మాటకు ఎదురు చెప్పలేదు. చెప్పింది ఆ ఒక్కరోజే. శోకంలో ఆడది ఎవరినైనా ఏమైనా అనొచ్చు, అన్నను పేరు పెట్టి అడగొచ్చు, దాన్ని తప్పు పట్టరు. కానీ శోకంలో అన్న మాట శవంతోనే పోవాలి. నీళ్ళు పోసుకొని వచ్చినాక ఆ మాటను మళ్ళీ ఎవరూ ఎత్తకూడదు. మన ఇళ్ళల్లో చదువు రానివాళ్ళకు కూడా తెలిసిన మర్యాద ఇది. నీకు తెలియదా?

ఆ రోజు శవం చుట్టూ చేరిన గుంపులో ఫోను పట్టుకొని నిలబడింది నువ్వే. కడప అంగట్లో కూర్చొని అందరి ఫోన్లలోకి పాటలు ఎక్కించేదీ నువ్వే. ఇంకెవరు చేస్తారు? చచ్చిపోయిన అవ్వను, ఏడుస్తున్న అత్తను దరువులో వేసి ఎట్లా దంచగలిగావు? అమ్మ చెవిన పడితే ఏమవుతుందో ఆలోచించావా? మామ వింటే చెల్లెలు తనను జిల్లా అంతా తిట్టించిందని అనుకోడా?

మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. అమ్మకు పేరు రాయడం రాదు. ఆమె మాట బయట ఎవరి నోట్లోనూ నలగకుండా కాపాడుకోవడం నా చదువు పని అనుకున్నాను. శనివారం ఊరికి పోతున్నాను. ఈ తాంబూలాలు నాకు వద్దని నాయనతో చెబుతాను. ఎందుకని అడిగితే నువ్వు నచ్చలేదంటాను, పాట సంగతి మాత్రం చెప్పను.

సుప్రజ

*

పత్తికొండ,
20 జులై 2009

బావా,

మొన్నటి ఉత్తరం నీకు చేరి ఉంటుంది. దానికి జవాబు రాకముందే ఇది రాయాల్సి వచ్చింది. అప్పుడు రాసింది కోపంతో. ఇప్పుడు దేనితో రాస్తున్నానో నాకే సరిగా తెలియడం లేదు.

శనివారం ఇంటికి వచ్చేసరికి నాయన చేనికి పోయి ఉన్నాడు. అమ్మ ఒక్కతే వాకిట్లో కూర్చొని విత్తనానికి చెనిక్కాయలు ఒలుస్తోంది. నేనూ పక్కన కూర్చొని ఒలవడం మొదలుపెట్టాను. బస్సులో వస్తూ అంతా అనుకొని వచ్చాను. పాట మాట రానివ్వకూడదు, వంశీ బావ నాకు నచ్చలేదని మాత్రం చెప్పాలి. చెప్పాను. ఏమని నచ్చలేదు అంది. మాట తడబడి, వాడు చేసే పాటలు మంచివి కావమ్మా అన్నాను.

"యా పాట? సుబ్బన్న పాటనా?" అంది అమ్మ.

అంతే మామూలుగా, ఒలిచే చేయి ఆపకుండా అడిగింది. నా వేళ్ళ మధ్యలో కాయ అట్లే ఉండిపోయింది. నీకెట్లా తెలుసని అడిగాను.

"నేనే గదా పట్టమంటిని వాన్ని."

బావా, ఇది నువ్వు నాకెందుకు చెప్పలేదు? అమ్మ ఎందుకు చెప్పలేదు? ఆమె కొంచెం కొంచెంగా చెప్పుకొచ్చింది. అవ్వ పోయిన రోజు బస్సు దిగి మీ ఇంటి వాకిట్లోకి వస్తున్నప్పుడు మామ కనబడ్డాడట. ఈమెను చూడగానే చితికి కట్టెలకని ట్రాక్టరెక్కి పోయాడట. కట్టెలు తేవడానికి ఊళ్ళో పదిమంది ఉన్నారు. అయినా కన్నకొడుకే పోయాడు. ఎందుకు పోయాడో ఆడవాళ్ళందరికీ తెలుసు, ఎవరూ అనలేదు.

"నా ఏడుపు యాడ వినాల్సొస్తాదో అని పాయ. అన్నను అడిగేదానికి ఆడదానికి అదొక్క పొద్దే గదమ్మా. ఆ పొద్దు నేను గోడలకు చెప్పుకున్నట్లాయ" అంది.

అప్పుడు నువ్వు పక్కన నిలబడి ఉన్నావట. ఏడుస్తూనే నీ చేయి పట్టుకొని, అబ్బీ, ఇది నీ ఫోన్లో పడతాదా అని అడిగిందట. నేను ఆ గుంపులోనే ఉన్నాను. ఆమె నీ చేయి పట్టుకోవడం చూశాను. మేనల్లుణ్ణి పట్టుకొని ఏడుస్తోంది అనుకున్నాను.

శోకంలో అన్నది మళ్ళీ అనకూడదు కదా అమ్మా అన్నాను. నా వాదనంతా దాని మీదే నిలబడి ఉంది మరి.

"నేనెందుకంటా? నేను అనగూడదు, నువ్వు అనగూడదు. ఫోను అంటే నేనన్నట్టు యాడైతాది?" అంది. జిల్లా కోర్టులో ప్లీడరు కూడా అంత నమ్మకంగా చెప్పడు. నాకు నవ్వు వచ్చింది, నవ్వలేకపోయాను.

ఆ దరువు కూడా నువ్వే వేయమన్నావా అమ్మా అని అడిగాను. లేదంది. అది వాడు ఏసుకున్నాడు, మొదట విన్నప్పుడు నాకూ గుండె జారింది అంది. తర్వాత, "డప్పు లేకుండా పీనుగ ఊరు దాటదు గదమ్మా. ఉత్త ఏడుపైతే మొగోళ్ళు లేసి పోతారు. ఆ దడదడకు కూచోని వింటారు" అంది. నీ పాటను గిట్టనివాళ్ళూ గిట్టినవాళ్ళూ మా హాస్టల్లో అంతసేపు వాదించుకున్నారు. ఈ మాట ఒక్కరికీ తోచలేదు.

నాకు ఎందుకు చెప్పలేదని అడిగితే, నువ్వు వద్దంటావని తెలుసు అంది. నిజమే, వద్దనేదాన్నే. ఆమె మాటను నేను మూసిపెట్టి కాపాడాలనుకున్నాను. ఆమెకు కావాల్సింది వినేవాడు. చదువుకున్న కూతుర్ని వదిలి, తొమ్మిదో తరగతి తప్పి పాటలు ఎక్కించుకునే నీ దగ్గరికి వచ్చింది. అది నాకు గుచ్చుకుంటోంది. దాచను.

నాయన చైనా ఫోన్లో ఆ పాట ఉందట. పెట్టమంటే పెట్టింది. పగటి వెలుతురులో, వాకిట్లో కూర్చొని, మొదటిసారి చివరిదాకా విన్నాను. అమ్మ గొంతు అయిపోయినాక నీ గొంతు వస్తుందని నాకు తెలియదు. హాస్టల్లో అక్కడిదాకా నేను నిలబడలేదు.

*నా పేరు వంశీ, మా అవ్వ సుబ్బలక్ష్మమ్మ*
*కొట్టం ముందర బండి కడిగినోన్ని నేను*
*నీళ్ళడిగితే పాట పెంచినోన్ని నేను*
*మా నాయన ఒక్కడే కాదు, సుబ్బన్నను నేను*

ఈ రకం పాటల్లో ఆ 'నేను' అన్న మాటే కదా నాకు గిట్టనిది. గొప్ప చెప్పుకోవడానికే దాన్ని వాడతారనుకున్నాను. తన మీద తానే నేరం మోపుకోవడానికి ఒకడు అన్నిసార్లు 'నేను' అనడం నేనెక్కడా వినలేదు. మన ఊళ్ళల్లో మగవాళ్ళ నోట అసలే వినలేదు. అవ్వ నీళ్ళడిగితే నువ్వు పాట పెంచావని తెలిసి నీ మీద అసహ్యమూ వేసింది. అది నువ్వు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. రెండూ ఒకేసారి ఎట్లా పట్టుకోవాలో తెలియడం లేదు. పాట మాత్రం నాకు ఇప్పటికీ నచ్చలేదు. నచ్చిందని అబద్ధం రాయను. మళ్ళీ వినమంటే వింటాను, అంతే.

అయితే అమ్మ ఇంకొకటి చెప్పింది. ఆ మాట విన్నప్పటినుంచి నాకు నిద్ర లేదు. మామ ఇంకా ఆ పాట వినలేదట.

కడపలో విన్నారు, కర్నూలులో విన్నారు, ముక్కూమొహం తెలియని ఆడపిల్లలు చప్పట్లు కొట్టారు. వినాల్సిన ఒక్క మనిషి వినలేదు. అమ్మ ఫోన్ చేసి అడిగినప్పుడల్లా, రేపు వినిపిస్తా అత్తా అంటున్నావట. అప్పుడు నాకు అర్థమైంది. మీ నాయన ముందర పెట్టే ధైర్యం లేక, దాన్ని అందరి ఫోన్లలోకీ వదిలావు. ఎవరో ఒకరి ఫోన్లోంచి అది దానంతటదే ఆయన చెవిన పడుతుందని ఎదురు చూస్తున్నావు. ఆయన ట్రాక్టరెక్కి పోయాడు, నువ్వు జిల్లా అంతా చుట్టి వస్తున్నావు. నా కోపం ఇప్పుడు దాని మీద. పాట చేసినందుకు కాదు.

తాంబూలాలు వద్దని నాయనతో ఇంకా చెప్పలేదు. అమ్మే ఆపింది. అన్న వినకుండానే ఆరోజు వస్తే ఏం చేస్తావని ఆమెను అడిగాను. ఒలిచిన గింజలు చేటలోకి ఎత్తుకుంటూ ఇట్లా చెప్పింది:

"విని వస్తే మా అన్న వస్తాడు. కాళ్ళకు నీళ్ళిస్తా. వినకుండ వస్తే మొగపెండ్లోళ్ళు వస్తారు. మొగపెండ్లోళ్ళు నాకు శానామంది దొరుకుతారు."

నా మాట కూడా అదే బావా. విన్నాక మామకు కోపం రావచ్చు, తాంబూలాలకు రాననవచ్చు, నిన్ను కొట్టనూ వచ్చు. అది ఆయన ఇష్టం. ఆయన క్షమాపణ అడగాలని అమ్మ అనలేదు, నేనూ అనడం లేదు. వినాలి, అంతే. వేరే ఎవరి ఫోన్లోనో కాదు, నీ ఫోన్లో, నువ్వు ఎదురుగా కూర్చొని, అమ్మ గొంతు దగ్గర ఆపకుండా నీ గొంతు దాకా వినిపించాలి. ఆయన లేచి పోబోతే చేయి పట్టుకో. అవ్వను కొట్టంలో పెట్టిన ఇంట్లోకి నేను కోడలిగా రావాలంటే, ఆ ఇంట్లో ఆడదాని మాట బతికుండగానే వింటారని నాకు తెలియాలి.

విన్నాడో లేదో, విని ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాయి. ఫోన్ చేయొద్దు. ఫోన్లో నువ్వు రేపు అంటావు. ఈ నెల ఇరవై తొమ్మిదో తేదీ బుధవారం లోపల నీ ఉత్తరం మా ఇంటికి చేరాలి. ఆ రోజు పోస్టు వచ్చిపోయేదాకా చూసి, తమలపాకులు తేవాలో వద్దో నాయనతో చెబుతాను.

నీ మరదలు,
సుప్రజ