కాగితం జారిందన్నాను

మాచర్ల,
21 సెప్టెంబరు 1947.

చిరంజీవి దావూద్‌కు మీ అబ్బాజాన్ మనసారా దువా చేసి రాయునది. ఆ మాలిక్ దయవల్ల ఇక్కడ మీ అమ్మీ, నేను, మేకలు రెండూ బాగానే ఉన్నాము. నువ్వు మద్రాసులో వేళకు తింటున్నావని, ఆ సముద్రపు గాలి నీకు పడుతోందని తలుస్తున్నాము.

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. జవాబు రాయడం లేదని మీ అమ్మీ మొన్నటిదాకా రోజూ గొడవ. "పిల్లోడు ఎదురుచూస్తా ఉంటాడు. కలం పట్టుకుంటే నీ చెయ్యేమన్నా కాలుద్దా?" అనేది. కాలుతుందనే పట్టుకోలేదు. ఎందుకో ముందుకు పోయాక రాస్తాను.

నువ్వు అడిగినవాటికి జవాబు చెప్పనీ. నువ్వు పంపిన తైలం అమ్మీ మోకాళ్లకు రెండు రోజులు పనిచేసింది. ముసురు పట్టగానే నొప్పి మళ్లీ వచ్చింది. అయినా తైలం మంచిదే అంటుంది. నువ్వు పంపితే గంజి కూడా మందే ఆమెకు. నా కళ్ల సంగతి అడిగావు. నరసరావుపేట వెళ్లి అద్దాలు చేయించుకున్నాను, సన్న స్క్రూ మీద గాట్లు కూడా బాగా కనిపిస్తున్నాయి. వానలు మాత్రం ఈసారి వదలడం లేదు. కొట్లో ఆకురాళ్లన్నీ తుప్పు పట్టాయి.

మీ ఓనరు ఊటీలో కొత్త తుపాకుల కొట్టు తెరుస్తున్నాడని, దాని పెత్తనానికి నిన్ను పంపుతానన్నాడని రాశావు. మీ అమ్మీ ఆ మాట వీధి చివరిదాకా చెప్పుకొచ్చింది. నేను "సంతోషం" అని ఒక్క ముక్క అని పని చూసుకున్నాను.

ఆఖరున, గురజాల మోతుబరి హనుమయ్య గారి రైఫిల్ ఎలా కొడుతోందని అడిగావు. దానికి జవాబు ఒక్క ముక్కలో అయ్యేది కాదు. జూన్ నెల నుంచి చెప్పుకు రావాలి.

గురజాల తాలూకాలో ముప్పై ఏళ్లుగా ఎవరు తుపాకీ కొన్నా నన్ను అడిగి కొన్నారు. హనుమయ్య గారి తండ్రి జంటగొట్టం తుపాకీ కొన్నప్పుడు నన్ను బండి కట్టించి మరీ గుంటూరు తీసుకుపోయాడు. ఈసారి హనుమయ్య గారు నాతో మాటైనా అనకుండా నీకు రాశారు. దొరలు సీమకు పోతూ అమ్ముకున్న తుపాకులతో మీ కొట్టు నిండిపోయిందట కదా, వాటిలో తనకు తగినది ఎంచి పెట్టమన్నారు. నువ్వు రాసిన జవాబు పట్టుకుని మన కొట్టుకొచ్చి, బెంచీ మీద కూర్చుని, నలుగురూ వినేట్టు చదివారు. ఎనిమిది మిల్లీమీటర్ల మౌజర్ మంచిదే కాని ఆయన భుజం ఒకసారి విరిగి అతికింది కాబట్టి పేలినప్పుడు అది తన్నే తన్ను ఓర్వదన్నావు. తొమ్మిది పైచిలుకుది పందుల వేటకు అనవసరమన్నావు. ఏడు మిల్లీమీటర్లది గొట్టం పొడుగు, పొదల్లో తగులుకుంటుందన్నావు. ఆస్ట్రియా దేశపు మాన్లికర్ తీసుకోమన్నావు, ఆరున్నర మిల్లీమీటర్లది. గొట్టం పొట్టి, కర్ర దాని మూతిదాకా వచ్చి ఇనప తొడుగుతో ముగుస్తుంది, గుండు సన్నమైనా పొడుగు కనుక లోతుకు దిగుతుంది, తన్ను తక్కువ. అంతా సబబుగానే ఉంది. సబబుగా ఉండటమే నాకు గిట్టలేదు.

"ఏడుదే తీసుకోండయ్యా," అన్నాను నేను. "మూతిదాకా కర్రుంటే మన వానలకు ఉబ్బుద్ది. ఉబ్బి గొట్టాన్ని నెట్టుద్ది. ఇంక గురి ఏడుంటది?"

హనుమయ్య గారు నవ్వి కాగితం తిప్పారు. "అది గూడా రాశాడయ్యా నీ కొడుకు! రైఫిల్ రాంగానే మూతి తొడుగు ఊడదీసి, గొట్టానికీ కర్రకీ మజ్జెన సన్నకాగితం పెట్టి ఎనక్కి లాగమన్నాడు. జారితే సరే, పట్టేస్తే ఆడ కర్ర గీకమన్నాడు. నువ్వు ఏమంటావో కూడా ముందే తెలుసు వాడికి. నిన్ను మించిపోయాడు పో మౌలాలీ!"

కొట్లో ఉన్నవాళ్లంతా నా మొహం చూశారు. ఆ మాటకు ఏ తండ్రికైనా కడుపు నిండాలట. నాకు కడుపు మండింది దావూద్. కన్నకొడుకు మీద ఈర్ష్య ఏమిటని నువ్వు అడుగుతావు. నన్ను నేను అడగలేదనుకున్నావా? నేను జీవితమంతా నాటుతుపాకులకు స్ప్రింగులు మార్చాను, చితికిన కర్రలు అతికించాను. మాన్లికర్‌ను కేటలాగు బొమ్మలో తప్ప ఎరగను. నువ్వు రోజుకు పది అలాంటివి చేత్తో పట్టుకుంటావు. నీకు ఆకురాయి పట్టడం నేర్పింది నేనే కదా, మరి నాకు దక్కనిది నీకెలా దక్కిందని మండింది. అంతకంటే మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ఆగస్టులో రైల్లో మాన్లికర్ పెట్టె మన కొట్టుకు వచ్చింది. నాసిగా ఉండాలని కోరుకుంటూ మూత తీశాను. అక్రోటు కర్ర, నీళ్లు పారినట్టు గీతలు. బోల్టు తోస్తే వెన్నలో వేలు దిగినట్టు పోయింది. ఎంత వెతికినా ఒక్క వంక దొరకలేదు. మీ అమ్మీ చెయ్యి కొంగుకు తుడుచుకుని వచ్చి, "నా బిడ్డ ఎంచిందా ఇది?" అని కర్ర మీద చెయ్యి వేసి నిమిరింది. ఇన్నేళ్లలో నేను బాగుచేసిన తుపాకీని దేన్నీ ఆమె అలా ముట్టుకోలేదు.

హనుమయ్య గారి ఇంటి ఆనవాయితీ నీకు తెలుసు. కొత్త తుపాకీతో మొదటి గుండు కొయ్య మీదా రాయి మీదా కాల్చరు, వేట మీదే కాలుస్తారు. గురి సంగతి మిస్త్రీ మాటకు వదిలేస్తారు. మిస్త్రీ సరే అంటే సరే. అందుకని రైఫిల్ వారం రోజులు నా దగ్గరే ఉంది, ఆ వారమంతా ముసురే. చివరిరోజు సాయంత్రం నువ్వు రాసినట్టే తొడుగు విప్పి కాగితం పెట్టి లాగాను. జానెడు వచ్చి ఆగింది. ఇంకొంచెం లాగితే చిరిగింది. కుడిపక్కన కర్ర ఉబ్బి గొట్టాన్ని నొక్కుతోంది. గీకడానికి గంట కూడా పట్టదు.

నేను గీకలేదు. తొడుగు పెట్టి బిగించేశాను. పొద్దున హనుమయ్య గారు వచ్చి, "కాగితం జారిందా?" అని అడిగారు. "జారింది" అన్నాను.

చత్వారం వల్ల సరిగా కనపడలేదని నీకు రాద్దామని కూడా అనుకున్నాను. అద్దాలు ఉన్నాయి, అవి లేకపోయినా కాగితం పట్టిందో జారిందో వేళ్లకే తెలుస్తుంది. నా లెక్క ఒకటే: గురి తప్పుతుంది, పంది పారిపోతుంది, హనుమయ్య గారు నలుగురిలో చిన్నబోయి "నువ్వు చెప్పిందే నిజం మౌలాలీ" అంటారు. నేను ఆశపడింది ఆ ఒక్క మాటకే.

పంది పారిపోలేదు. దుర్గి పక్క జొన్నచేలో తెల్లవారుతుండగా అరవై గజాల నుంచి హనుమయ్య గారు దాని భుజానికి గురిచూసి కాల్చారు. గుండు పక్కకు పోయి పిర్రలో తగిలింది. అది వెనక్కి తిరిగి, జాడ చూపడానికి ముందు నిలబడ్డ మన కృపావరం మీదకు వచ్చింది. కోరతో తొడ చీల్చేసింది. హనుమయ్య గారు దగ్గరకు ఉరికి రెండో గుండుతో దాన్ని పడగొట్టారు. కృపావరాన్ని బండిలో వేసుకుని మిషన్ ఆసుపత్రికి తీసుకుపోయారు. ప్రాణానికి భయం లేదు, కంగారు పడకు. కుంటు మాత్రం ఉంటుందన్నారు.

అతనికి గండం గడిచాక హనుమయ్య గారి కోపమంతా నీ మీదకు మళ్లింది. "పట్నం కొట్లో కూచున్నోడికి అడివేం తెలుసుద్ది? ఇట్టాంటోడి చేతికి కొట్టు అప్పజెబితే ఎవడి ప్రాణం నిలబడుద్ది?" అంటూ మీ ఓనరుకు ఉత్తరం రాయించారు. నిన్ను ఊటీ పంపొద్దని కూడా రాయించారు. పోయిన సోమవారం దాన్ని నా ముందు పెట్టి, "మిస్త్రీవి, కింద నువ్వు గూడా ఒక సంతకం పడెయ్. కొడుకని చూసుకోమాక," అన్నారు.

పెట్టాను. తుపాకీలో లోపం కలదని రాసిన చోట, నీ మీద, నా చేత్తో సంతకం పెట్టాను. చెయ్యి వణికిందని రాస్తే నీ మనసు కొంత కుదుటపడుతుందేమో. వణకలేదు.

గురువారం కృపావరాన్ని చూడబోయాను. మంచంలో లేచి కూర్చుని గ్లాసుతో నీళ్లు నాకే అందించాడు. "అన్నా, దావూదు మీద అయ్య ఉత్తరం రాశాడంటగా? పిల్లోడి తప్పేంది ఇందులో? వాడు ఎంచినాక నువ్వు చూశావు. నువ్వు చూశాక ఇంక లోపమేడుంటది? పంది అడ్డం తిరిగింది, నా రాత అట్టా ఉంది," అన్నాడు. గ్లాసు అక్కడే పెట్టి లేచి వచ్చేశాను.

రైఫిల్ తిరుగు పార్సిల్ కట్టమని నా దగ్గరే పెట్టి ఉంది. మర్నాడు తొడుగు విప్పి, నువ్వు రాసినట్టే కర్ర గీకి, అవిసె నూనె పట్టించి, కాగితం మూడుసార్లు లాగాను. మూడుసార్లూ జారింది. చంద్రవంక గట్టున వంద గజాల కాడ అట్ట పాతి ఐదు గుళ్లు కాల్చాను. ఐదూ నా అరచెయ్యి కప్పేంత మేరలో పడ్డాయి. చూసి పొంగిపోయానని రాయలేను. మళ్లీ మండింది. నీ ఎంపికకు వంక లేదు.

ఆ అట్ట తీసుకుని నేరుగా గురజాల వెళ్లి హనుమయ్య గారికి అంతా చెప్పాను. అట్ట చూసి పక్కన పెట్టారు. "నువ్వా మౌలాలీ? కొడుకు మీదేందయ్యా నీకు?" అన్నారు. మీ ఓనరుకు ఇంకో ఉత్తరం రాయమని బతిమాలాను. "నేను రాసింది నీ మాట నమ్మి రాసింది. నీ సంతకం నువ్వే కొట్టేసుకో," అన్నారు. తిరిగొచ్చేటప్పుడు కృపావరానికీ చెప్పాను. గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఇంటికొచ్చి మీ అమ్మీకి చెప్పాను. అన్నం పెడుతోంది కాని, నాతో మాట లేదు. హనుమయ్య గారు తన తుపాకులన్నీ మనిషిని పంపి తెప్పించుకున్నారు. మిగతావాళ్లూ ఈ వారంలో వస్తారు, వాళ్లవి వాళ్లు తీసుకుపోతారు.

నువ్వు ఊటీ వెళ్తే అక్కడికి ఏమేం రైఫిళ్లు వచ్చాయో, ఏది ఎలా ఉందో ఒక్కటీ వదలకుండా రాయి. మండితే మండనీ, చదువుతాను.

ఇక నీతో పని ఒకటే. ఆ ఉత్తరం ఈపాటికి మీ ఓనరుకు అందే ఉంటుంది. దీన్ని నువ్వు చదివి పెట్టె అడుగున దాచుకోవద్దు. తండ్రి పరువని చూసుకోవద్దు. తీసుకెళ్లి ఆయన ముందు పెట్టు. ఆయనకు తెలుగు రాకపోతే నువ్వే చదివి అర్థం చెప్పు, నేను "జారింది" అన్న చోట గొంతు తగ్గించకు. రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టి సంతకాలు పోల్చి చూసుకోమను. ఆయనకు అనుమానం లేకుండా ఉండాలని, దానిమీద పెట్టినట్టే దీనిమీదా నా పూర్తి సంతకం పెడుతున్నాను.

ఇట్లు,
నీ కన్నతండ్రి,
షేక్ మౌలాలీ,
తుపాకుల మిస్త్రీ, మాచర్ల.